మాత్రలు మానేస్తే క్యాన్సర్ రాదా? – మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో కిడ్నీ మార్పిడి తర్వాత జాగ్రత్తల గురించి రాస్తూ, ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో వైరస్‌ల వల్ల వచ్చే కొన్ని క్యాన్సర్లు ఎక్కువగా కనిపిస్తాయి అని ఒక్క ముక్క రాసి పక్కకెళ్ళిపోయా. తప్పు నాదే, అలాంటి మాట సగం చెప్పి వదిలేయకూడదు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్‌లలో సగానికి సగం దాని మీదే. అందుకే ఈసారి షుగరు, థైరాయిడ్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకి నెట్టేసి మొత్తం పేజీ దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: మేడం, మా ఆయనకి మూడేళ్ళ కింద కిడ్నీ మార్చారు, మా అత్తగారే ఇచ్చారు. మాది ఉద్దానం, మా వైపు కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి, మీకు తెలిసిందే. ఇప్పటిదాకా క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) 1.3 దగ్గరే ఉంది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, వైసోలోన్ మూడూ వాడుతున్నారు. మీరు రాసింది చదివి మా మరిది ఫోన్లో ఇంకేవో వీడియోలు చూపించాడు, ఈ మాత్రలే క్యాన్సర్ తెస్తాయంట అని. అప్పట్నించి ఈయన నాకు చెప్పకుండా రాత్రి డోసు మానేస్తున్నారు, పది రోజులైంది, మొన్న షీట్లో మాత్రలు లెక్కపెడితే బయటపడింది. అడిగితే కిడ్నీ కోసం క్యాన్సర్ తెచ్చుకోమంటావా అంటున్నారు. ఏం చెప్పాలో తెలీట్లేదు.
– ఒక సోదరి, పలాస

జవాబు: అమ్మా, ఇది పత్రికలో వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి మీరిచ్చిన నంబర్‌కి అదే రోజు ఫోన్ చేశాం. చదివే మిగతావాళ్ళ కోసం అదే మళ్ళీ చెప్తున్నా. డోసులు మానేసిన సంగతి తెలిసిన రోజే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి చెప్పేయాలి, తిడతారని దాచొద్దు. పోయిన డోసులన్నీ కలిపి ఒకేసారి మింగకూడదు. వాళ్ళు చెప్పిన డోసుతో మళ్ళీ మొదలుపెట్టి క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవెల్ చేయించాలి. రిజెక్షన్, అంటే ఒళ్ళు కొత్త కిడ్నీని నాది కాదని కొట్టడం, తలుపు కొట్టి రాదు, నొప్పి ఉండదు, యూరిన్ మామూలుగానే వస్తుంటుంది, క్రియాటినిన్ పెరిగి కనపడేసరికి లోపల జరగాల్సిన నష్టం కొంత జరిగిపోయి ఉంటుంది. మీ అత్తగారు ఇంకోటి ఇవ్వలేరు కదా.

ఇప్పుడు మీ మరిది మాట. అందులో సగం నిజం ఉంది, అదే దానితో వచ్చిన చిక్కు. పూర్తిగా అబద్ధమైతే ఒక్క ముక్కలో కొట్టిపారేసేదాన్ని.

మన ఒంట్లో చిన్నప్పుడెప్పుడో దూరిన వైరస్‌లు కొన్ని జన్మలో బయటికి పోవు. ఈబీవీ అని ఒకటుంది, పూర్తి పేరు ఎప్స్టీన్ బార్ వైరస్. ఉగాండాలో పిల్లల దవడల్లో వచ్చే గడ్డల ముక్కల్ని లండన్ తెప్పించుకుని ఎప్స్టీన్, అచోంగ్, బార్ అనే ముగ్గురు 1964లో దీన్ని కనిపెట్టారు. మనిషిలో క్యాన్సర్‌కి సంబంధం ఉందని తెలిసిన మొదటి వైరస్ ఇదే. అలాగని భయపడక్కర్లేదు, పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఇది ఉంటుంది, మీకు ఉంటుంది, నాకు ఉంటుంది, వీడియో తీసినాయనకీ ఉంటుంది. అమ్మ నోట్లో ముద్ద నమిలి పెట్టే దగ్గర్నుంచి ఎంగిలి గ్లాసు దాకా ఎక్కడ్నించైనా వచ్చేస్తుంది, వచ్చి రక్తంలో బీ కణాలు అనే తెల్లకణాల్లో పడుకుని ఉంటుంది. అది లేచి ఆ కణాల్ని పెంచుకుంటూ పోకుండా టీ కణాలు అనే ఇంకో రకం తెల్లకణాలు ఇరవై నాలుగు గంటలూ కాపలా కాస్తుంటాయి. సమస్య ఏంటంటే అత్తగారి కిడ్నీని ఇది మనది కాదు అని కొట్టడానికి వెళ్ళేదీ ఆ కాపలావాళ్ళే. అందుకని మాత్రలతో వాళ్ళని మత్తులో ఉంచుతాం. మత్తులో ఉన్న కాపలావాడు కిడ్నీ జోలికి వెళ్ళడు, సరే, కానీ వైరస్ లేచినా అంత చురుగ్గా చూడడు. కొందరిలో, అందరిలో కాదు, ఆ బీ కణాలు అదుపు తప్పి లింఫోమా అనే తెల్లకణాల క్యాన్సర్ దాకా వెళ్తాయి. డాక్టర్లు దీన్ని పీటీఎల్‌డీ అంటారు, మీ ఫైల్లో ఎక్కడైనా ఆ నాలుగక్షరాలు కనిపిస్తే ఇదే.

ఎంత మందికి అంటే, అమెరికాలో 1987 నుంచి 2008 వరకు జరిగిన 1,75,732 అవయవ మార్పిడుల రికార్డుల్ని క్యాన్సర్ రికార్డులతో కలిపి చూశారు, 2011లో బయటికొచ్చింది. మొత్తం మీద క్యాన్సర్ మామూలు జనం కంటే రెండు రెట్లు. లింఫోమా ఏడున్నర రెట్లు, లివర్ క్యాన్సర్ పదకొండున్నర రెట్లు, కపోసి సార్కోమా అని చర్మం మీద మచ్చలుగా కనిపించే ఒక రకం 61 రెట్లు. ఈ మూడింటి వెనకా వైరస్‌లు ఉన్నాయి, ఈబీవీ, హెపటైటిస్ బీ, సీ, హెర్పిస్ కుటుంబంలోని ఎనిమిదో వైరస్. అదే బ్రెస్ట్, ప్రోస్టేట్ క్యాన్సర్లు చూస్తే ఏమీ పెరగలేదు. అంటే మాత్ర ఒంట్లో విషంలా పనిచేసి ఎక్కడపడితే అక్కడ క్యాన్సర్ పుట్టించట్లేదు, ముఖ్యంగా కాపలా తగ్గిన చోట పాత దొంగలు లేస్తున్నారు. (అన్నిటికీ వైరసే కారణం అని కూడా అనను, కిడ్నీ, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కూడా వాళ్ళలో పెరిగాయి, వాటికి వేరే లెక్కలున్నాయి. సిగరెట్ తాగే ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్ నా దగ్గరికొచ్చి వైరస్ గురించి అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది.)

61 రెట్లు అనగానే గుండె జారుతుంది కదా, వీడియోల్లో చూపించేది సరిగ్గా అలాంటి అంకెలే. కానీ ఎప్పుడో ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు అరవై రెట్లు పెరిగినా ఇంకా అరుదే. రెట్లు చెప్పినవాళ్ళని ఎంత మందిలో ఎంత మందికి అని అడగడం అలవాటు చేసుకోండి, చిట్‌ఫండ్ వాడినైతే అడుగుతాం కదా.

నిజం ఉన్న ఆ సగం ఏంటో కూడా చెప్పాలి. పీటీఎల్‌డీ వస్తే డాక్టర్ మొట్టమొదట చేసే పని ఈ మాత్రల్ని తగ్గించడమే. థామస్ స్టార్జ్ల్ అని, ప్రపంచంలో మొదటి లివర్ మార్పిడి చేసినాయన, 1984లో రాశారు, మందు తగ్గిస్తే లేదా ఆపితే కొంతమందిలో లింఫోమా దానంతట అదే కరిగిపోయిందని. క్యాన్సర్ మందు ఇవ్వకుండా, కాపలావాడికి కాస్త మెలకువ రానిస్తే చాలు, వాడే సర్దుకున్నాడు. కపోసి సార్కోమాలో అయితే ఇంకా బాగుంది, ఇటలీ డాక్టర్లు 2005లో 15 మంది కిడ్నీ మార్చిన పేషెంట్లకి ఇమ్యూనిటీ తగ్గించే సైక్లోస్పోరిన్ తీసేసి సిరోలిమస్ అనే ఇంకో మందు పెట్టారు, మూడు నెలల్లో అందరి చర్మం మీదా మచ్చలు పోయాయి, కిడ్నీ కూడా నిలబడింది. అంటే మందు తగ్గించడం, మార్చడం వైద్యంలో భాగమే, కాదనట్లేదు. కాకపోతే అది జబ్బు ఉందని బయాప్సీలో తేలినప్పుడో, వైరస్ పెరుగుతోందని రక్తంలో కనిపించినప్పుడో, వారం వారం క్రియాటినిన్ చూసుకుంటూ, ఏ మందు ఎంత తగ్గించాలో లెక్కేసి చేసేది. జబ్బు లేకుండా, ఇంట్లో చెప్పకుండా, రాత్రి డోసు డస్ట్‌బిన్‌లో వేయడం అది కాదు. పైగా ఇలా వేసీ వేయకుండా వాడితే రిజెక్షన్ వస్తుంది, అప్పుడు దాన్ని ఆపడానికి ఇంకా గట్టి మందులు ఎక్కించాల్సొస్తుంది, ఆ గట్టి మందుల తర్వాతే వైరస్‌లు లేచే అవకాశం ఇంకా ఎక్కువ. అంటే ఆయన దేనికి భయపడి మానేశారో దాని వైపే నడుస్తున్నారన్నమాట. ఆయనకి ఈ మాట చెప్పండి, నా పేరు చెప్పి చెప్పండి.

చూసుకోవాల్సింది ఏంటంటే, కారణం తెలీకుండా వారం పది రోజులు జ్వరం, మెడలో చంకలో గజ్జల్లో నొప్పి లేని బిళ్ళలు, బరువు తగ్గడం, రాత్రి పూట దిండు తడిసేంత చెమటలు, ఆగకుండా కడుపునొప్పి లేదా మోషన్‌లో రక్తం. వీటిలో ఏదొచ్చినా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు వాడుతూ కూర్చోకుండా ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కి వెళ్ళిపోవాలి. ఇక్కడ మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఇదే జ్వరం, ఇవే బిళ్ళలు, ఇవే చెమటలు టీబీలోనూ వస్తాయి, నిజం చెప్పాలంటే మన దగ్గర లింఫోమా కంటే టీబీయే ఎక్కువ. అందుకని ఎవరో ఒకరు బిళ్ళ చూసి టీబీ అయ్యుంటుందిలే అని మందులు మొదలుపెట్టేస్తారు. అది రెండు విధాలా నష్టం. లింఫోమా అయితే రెండు మూడు నెలలు పోతాయి, ఇంకోటి టీబీ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ టాక్రోలిమస్ లెవెల్‌ని పాతాళానికి లాగేస్తుంది, కిడ్నీ రిజెక్ట్ అయిపోవచ్చు. బిళ్ళలోంచి ముక్క తీసి పరీక్ష చేయించకుండా ఏ కోర్సూ మొదలుపెట్టనివ్వకండి. టీబీయే అని తేలితే మందుల డోసులు సరిచేసి ఇస్తారు, అది పెద్ద విషయం కాదు.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, మేము డాలస్‌లో ఉంటాం. మా పాపకి నాలుగేళ్ళు, పుట్టుకతో పిత్తనాళాల సమస్య, ఎనిమిది నెలల కింద లివర్ మార్చారు, నా లివర్‌లోంచే ముక్క తీసి పెట్టారు. పాపకి ఈబీవీ నెగెటివ్, నాకు పాజిటివ్ అని అప్పుడే చెప్పారు. ఇప్పుడు తరచూ రక్తం తీసి ఈబీవీ కౌంట్ చూస్తున్నారు, పోయిన రెండు సార్లు పెరిగింది, టాక్రోలిమస్ తగ్గించారు. విజయవాడలో మా అమ్మ రోజూ ఏడుపు, మందు తగ్గిస్తే లివర్ ఏమైపోతుందో అని. నాకేమో ఇంకో బాధ, నా వల్లే పాపకి ఈ వైరస్ వచ్చిందా అని. ఎవరితో అనలేను.
– ఒక తల్లి

జవాబు: ముందు మీ బాధ సంగతి. అవును, మీ లివర్‌తో పాటు వచ్చి ఉండొచ్చు. కానీ మీ బదులు మీ వారు ఇచ్చినా, మీ అన్నయ్య ఇచ్చినా, ఎవరో తెలియని వాళ్ళది పెట్టినా దాదాపు ఇదే జరిగేది, ఎందుకంటే పెద్దవాళ్ళందరిలో ఉండేదే కదా. ఏ లివరూ లేకపోయినా ఇంకో రెండేళ్ళకి స్కూల్లో పక్క పిల్ల నీళ్ళ బాటిల్లోంచి వచ్చేది. మీరిచ్చింది లివర్, దాంతో పాప బతికింది. వైరస్ వెంట వచ్చిన చుట్టం, అది మీరు పంపింది కాదు.

పెద్దవాళ్ళకి ఈ వైరస్ ముందే ఉంటుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టే టీ కణాలు కూడా ముందే తయారై ఉంటాయి, మాత్రల మత్తులో కూడా కొంత పని చేస్తాయి. మీ పాపకి అసలు ఆ పరిచయమే లేదు, మొదటిసారి వైరస్ వచ్చేసరికే మత్తు మందులు ఉన్నాయి. అందుకే వైరస్ లేని పిల్లలకి వైరస్ ఉన్నవాళ్ళ అవయవం పెట్టినప్పుడు పీటీఎల్‌డీ రిస్క్ అన్నిటికన్నా ఎక్కువ, అదీ మొదటి ఏడాది. మీ డాక్టర్లు తరచూ రక్తం తీసేది అందుకే. కౌంట్ పెరిగిందంటే క్యాన్సర్ వచ్చిందని కాదు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూసుకో అని. పొంగకముందే మంట తగ్గిస్తారు కదా, టాక్రోలిమస్ తగ్గించడం అలాంటిదే. లివర్ విషయంలో ఒక మంచి సంగతి కూడా ఉంది, మార్చిన అవయవాల్లో లివర్‌ది కొంచెం ఓర్పు ఎక్కువ, రిజెక్షన్ మొదలైనా ఎంజైమ్‌లు పెరిగి త్వరగా తెలుస్తుంది, చాలావరకు తిప్పుకోవచ్చు. మీ అమ్మగారికి ఇది చెప్పండి.

ఒకవేళ తగ్గించినా సరిపోక గడ్డలు వస్తే రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, వైరస్ దాక్కున్న బీ కణాల్నే ఖాళీ చేస్తుంది. అదీ పనిచేయకపోతే కీమో. వేరే మనుషుల రక్తంలోంచి ఈబీవీ మీద దాడి చేసే టీ కణాల్ని తీసి, పెంచి ఎక్కించే వైద్యానికి యూరప్‌లో 2022 డిసెంబర్‌లో అనుమతి ఇచ్చారు, అంటే అద్దెకి తెచ్చిన కాపలావాళ్ళు. మీ పాప అంతదూరం వెళ్ళాలని లేదు. టాన్సిల్స్ వాచి గురక మొదలైనా, జ్వరం పట్టుకుని వదలకపోయినా, తిండి మానేసినా మాత్రం రేపు అనకుండా ఫోన్ చేయండి, పిల్లల్లో ఇది గొంతులోంచే బయటపడటం చాలాసార్లు జరుగుతుంది.

ప్రశ్న: మా నాన్నకి 62. ఒంటి మీద, నోట్లో బొబ్బలు, పెంఫిగస్ అన్నారు. రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ పెట్టాలన్నారు, ముందు రక్తపరీక్ష చేస్తే హెపటైటిస్ బీ పాజిటివ్ వచ్చింది. లివర్ పరీక్షలు మాత్రం నార్మల్, ఆయనకి జీవితంలో కామెర్లు వచ్చింది లేదు. ఇప్పుడు స్కిన్ డాక్టర్ గారు ఆ ఇంజెక్షన్ పక్కన పెట్టి గ్యాస్ట్రో దగ్గరికి పంపితే ఆయన టెనోఫోవిర్ మాత్రలు రాశారు, ఇంజెక్షన్లు అయిపోయాక కూడా ఏడాది పైన వాడాలంట. లేని జబ్బుకి ఇన్ని మందులా? ఒకళ్ళకొకళ్ళు పేషెంట్లని పంపుకోవడం కాకపోతే?
– గుంటూరు

జవాబు: పంపుకోవడాలు ఉంటాయి, లేవని నేను అనలేను, నా వృత్తిలో ఉన్నవన్నీ నాకు తెలుసు. కానీ ఇది మాత్రం కాదు బాబూ. మీ స్కిన్ డాక్టర్‌కి దండం పెట్టండి.

హెపటైటిస్ బీ వైరస్ లివర్ కణాల లోపల తన జన్యు పదార్థాన్ని దాచుకుంటుంది, పైకి అన్నీ నార్మల్‌గా ఉంటాయి. రిటుక్సిమాబ్ ఇచ్చాక ఒంట్లో అడ్డుకునేవాళ్ళు తగ్గి వైరస్ ఒక్కసారి విజృంభిస్తుంది, కామెర్లు, లివర్ ఫెయిల్యూర్, చావు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఈ మందుతో వచ్చే సమాచార పత్రంలో నల్ల గీతల డబ్బాలో హెచ్చరిక వేయించింది దీని గురించే. బొబ్బలు తగ్గించబోయి లివర్ పోగొట్టుకోకుండా, వైరస్‌ని అణిచి ఉంచడానికే ఆ టెనోఫోవిర్ మాత్ర. ఇంజెక్షన్ ప్రభావం నెలల తరబడి ఉంటుంది కాబట్టి చివరి డోసు తర్వాత కూడా కనీసం ఏడాది వాడాలి, లివర్ బాగుంది కదా అని మధ్యలో ఆపితే అప్పుడే వైరస్ లేస్తుంది.

ఇంకోటి, ఈ పేజీ విషయానికి వస్తే, ఈ వైరస్ లివర్ క్యాన్సర్‌కి ప్రపంచంలో పెద్ద కారణాల్లో ఒకటి, అదీ లివర్ గట్టిపడిపోకుండానే నేరుగా క్యాన్సర్ తెచ్చే అవకాశం కూడా ఉన్న వైరస్. కాబట్టి మీ నాన్నగారికి ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగ్ అవసరమా అని గ్యాస్ట్రో గారిని అడగండి, ఈ వయసులో అవసరమనే అంటారు. మీరు, మీ అమ్మగారు, తోబుట్టువులు అందరూ పరీక్ష చేయించుకోండి, లేనివాళ్ళు టీకా వేయించుకోండి. చాలా ఇళ్ళలో ఇది ఇలాగే బయటపడుతుంది, ఒకరికి వేరే జబ్బుకి మందు మొదలుపెట్టబోతే ఇంట్లో ముగ్గురికి ఉందని తెలుస్తుంది.

మిగతావాళ్ళకి కూడా ఒక మాట. స్టెరాయిడ్ పెద్ద డోసులో నెలల తరబడి, లేదా రిటుక్సిమాబ్ లాంటి ఏదైనా బయోలాజిక్ ఇంజెక్షన్, కీమో మొదలుపెట్టేముందు హెపటైటిస్ బీ కోసం హెచ్‌బీఎస్ఏజీ అనే పరీక్షతో పాటు యాంటీ హెచ్‌బీ కోర్ టోటల్ అనే రెండోది కూడా చేశారా అని అడగండి. ఎప్పుడో వచ్చి తగ్గిపోయినట్టున్న వైరస్ మొదటి పరీక్షలో దొరకదు, రెండోదాంట్లో దొరుకుతుంది. రిటుక్సిమాబ్‌తో అలా దాక్కున్నది కూడా లేస్తుంది. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 23, లూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే పడే జబ్బు) ఉంది, మైకోఫెనోలేట్, హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్) వాడుతోంది. హైదరాబాద్‌లో రుమటాలజీ మేడం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయించమన్నారు. మాది ఖమ్మం దగ్గర, అప్పట్లో ఆ టీకా గొడవ మా పక్క ఊళ్ళల్లోనే జరిగింది, నాకు బాగా గుర్తు. పైగా పెళ్ళి కాని పిల్లకి అదేంటని ఇంట్లో అంటున్నారు. ఇమ్యూనిటీ తక్కువ ఉన్న పిల్లకి టీకా వేస్తే టీకాయే జబ్బు తేదా?
– ఖమ్మం జిల్లా

జవాబు: మీ భయం ఉత్తుత్తి భయం కాదు, కాబట్టి మీదపడి వాదించను. 2009లో ఖమ్మం జిల్లాలో ప్రయోగాత్మకంగా వేల మంది ఆడపిల్లలకి ఈ టీకా వేశారు, తర్వాత కొందరు చనిపోయారని గొడవై 2010లో ఆపేశారు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆ చావులకి టీకాతో సంబంధం కనపడలేదనే చెప్పింది. కానీ హాస్టళ్ళలో పిల్లల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని తేలింది, పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. నా లెక్కలో అక్కడ తప్పు జరిగింది మనుషుల తీరులో, సీసాలో ఉన్న మందులో కాదు. అడగకుండా వేశారు, చెప్పకుండా వేశారు, ఆ కోపం న్యాయమైనదే. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నారు, చెబుతున్నారు, తేడా అదే.

టీకా జబ్బు తేదు. ఇందులో బతికున్న వైరస్ ఉండదు, వైరస్ పై తొక్కలాంటి ప్రోటీన్ మాత్రమే, లోపల విత్తనం లేని కాయ. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్ళకి కుదరనివి బతికున్న టీకాలు, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా లాంటివి. ఇది ఆ జాతి కాదు. హెచ్‌పీవీ అనే ఈ వైరస్‌కీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కీ లంకె కనిపెట్టిన జర్మన్ డాక్టర్ హరాల్డ్ త్సుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. అందులో 16, 18 నంబర్ల రకాలే నూటికి 70 క్యాన్సర్లకి కారణం, టీకాల్లో ఆ రెండూ ఉంటాయి. మన దేశంలోనే పుణెలో తయారయ్యే సర్వావాక్‌కి 2022లో అనుమతి వచ్చింది, అది విదేశీ టీకా కంటే చవక.

మామూలు ఆడపిల్లల్లో ఈ వైరస్ వస్తే రెండేళ్ళలోపు చాలావరకు ఒళ్ళే తుడిచేస్తుంది. మీ అమ్మాయి మందుల వల్ల ఆ తుడిచే పని నెమ్మది, అంటే వచ్చింది తిష్ట వేసే అవకాశం ఎక్కువ. అందుకే చిన్న వయసులో రెండు డోసులు చాలు, ఒకటి చాలు అనే మాటలు తనకి వర్తించవు, మూడు వేయించాలి, ఇవాళ ఒకటి, రెండో నెలలో ఒకటి, ఆరో నెలలో ఒకటి. లూపస్ నెమ్మదిగా ఉన్న టైం చూసి మొదలుపెడితే మంచిది. పెళ్ళి కాకముందు ఎందుకు అంటారా, వైరస్ వచ్చాక వేస్తే ఉపయోగం తక్కువ కాబట్టే ముందు. గొడుగు వానకి ముందు కొంటాం. పిల్ల గురించి ఎవరో ఏదో అనుకుంటారని ఇంట్లో వాళ్ళు అంటుంటే, మీ అమ్మాయికి పోలియో చుక్కలు వేయించినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు కదా అని అడగండి.

పెళ్ళయ్యాక కూడా టీకా వేయించాం కదా అని వదిలేయకుండా పాప్ పరీక్ష (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసేది) మిగతావాళ్ళకంటే తరచుగా చేయించాలి, మొదట్లో ఏడాదికోసారి, వరసగా మూడు బాగుంటే మూడేళ్ళకోసారి. ఇంకో సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. తెల్లవాళ్ళలో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఎండ తగిలే చోట చర్మ క్యాన్సర్లు విపరీతంగా వస్తాయి, మన రంగు మనల్ని దాన్నుంచి చాలావరకు కాపాడుతుంది. కానీ నల్ల చర్మం వాళ్ళలో వచ్చేవి తరచుగా బట్టల కింద, జననాంగాల దగ్గర, మలద్వారం దగ్గర వస్తాయి, వాటి వెనక ఈ హెచ్‌పీవీయే ఉంటుంది. అక్కడ పులిపిర్లు పెరుగుతున్నా, మానని పుండు ఉన్నా, మగవాళ్ళైనా ఆడవాళ్ళైనా సిగ్గుపడి పసుపు రాసుకుంటూ కూర్చోవద్దు. ఈ మందులు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు ఏడాదికోసారి డాక్టర్‌కి ఆ భాగం కూడా చూపించుకోవాలి.

ప్రశ్న: కీళ్ళవాతం, ఆరేళ్ళుగా మెథోట్రెక్సేట్ వారానికి 15 మిల్లీగ్రాములు. ఇమ్యూనిటీ పడిపోతుందని మా వదిన తిప్పతీగ కషాయం రోజూ తాగమంటోంది, మూడు నెలలుగా తాగుతున్నా. మంచిదేనా?
– కరీంనగర్

జవాబు: ఆపేయండి, ఇవాళే. మీ వదిన మీద ప్రేమతోనే చెప్తున్నా. ఒక చేత్తో కాపలావాణ్ణి పడుకోబెట్టడానికి మందేసుకుంటూ ఇంకో చేత్తో లేపుతున్నారు మీరు, కీళ్ళవాతం అంటేనే ఇమ్యూనిటీ ఎక్కువై సొంత కీళ్ళ మీద పడటం. పైగా కోవిడ్ టైంలో, 2020 చివర్లో, ముంబయిలో తిప్పతీగ వాడినవాళ్ళకి లివర్ దెబ్బతిన్న కేసులు డాక్టర్లు రిపోర్ట్ చేశారు, మెథోట్రెక్సేట్ ఎలాగూ లివర్ మీద ఒక కన్నేసి ఉంచాల్సిన మందు. ఈ వారమే లివర్ పరీక్ష చేయించుకోండి.

లింఫోమా సంగతి అడగలేదు గానీ అడగబోతారని తెలుసు. కీళ్ళవాతం అదుపులో లేకుండా ఏళ్ళ తరబడి మండుతూ ఉంటే ఆ జబ్బే లింఫోమా రిస్క్ పెంచుతుంది, మందు లేకపోయినా. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళలో ఈబీవీతో వచ్చిన కొన్ని లింఫోమాలు మందు ఆపగానే తగ్గిపోయాయి, జపాన్ నుంచి ఇలాంటివి చాలా రాశారు. అరుదు. మన దగ్గర ఈ మందుతో నేను నిజంగా భయపడేది వేరే, వారానికొకసారి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసేసుకోవడం. నోరంతా పుండ్లు పడి, తెల్లకణాలు పడిపోయి వచ్చినవాళ్ళని చూశా. చీటీ మీద వారం పేరు తెలుగులో పెద్దగా రాయించుకోండి, ఆదివారం అంటే ఆదివారమే.

ప్రశ్న: నాకు 26, పెద్దపేగు పూత, ఇమ్యూనిటీ తగ్గించే అజాథయోప్రిన్ రెండేళ్ళుగా. గూగుల్ చేస్తే లింఫోమా 5 రెట్లు అని వస్తోంది, నిద్ర పట్టట్లేదు.
– వరంగల్

జవాబు: మీరు చూసింది ఫ్రాన్స్‌లో 19,486 మందితో చేసి 2009లో వేసిన స్టడీ అయ్యుంటుంది. ఐదు రెట్లు నిజమే. దాని పక్క లైన్ కూడా చదవాల్సింది, మందు వాడేవాళ్ళలో వెయ్యి మందిని ఏడాది చూస్తే ఒకరి కన్నా తక్కువ, 0.9. ఎప్పుడూ వాడనివాళ్ళలో 0.26. ఆపేసినవాళ్ళలో మళ్ళీ మామూలుకి దిగిపోయింది. పేగు పూత అదుపు తప్పితే మీకు జరిగేది, రక్తం పోవడం, పేగు తీసేయాల్సి రావడం, ఈ అంకె కంటే చాలా పెద్దది. ఒక్కటి మాత్రం మీ డాక్టర్‌ని అడగండి, ఈబీవీ యాంటీబాడీ పరీక్ష చేశారా అని. మీ వయసులో ఇంతవరకు ఆ వైరస్ తగలని మగపిల్లలు ఈ మందు మీద ఉండగా మొదటిసారి తగిలితే అరుదుగా చాలా తీవ్రంగా వస్తుంది, అలాంటివాళ్ళకి కొందరు డాక్టర్లు వేరే మందు చూస్తారు. వరంగల్‌లో పుట్టి పెరిగి 26 ఏళ్ళు వచ్చాయంటే తగిలే ఉంటుంది లెండి. ఎండలో తిరిగేటప్పుడు టోపీ పెట్టుకోండి, ఈ మందు చర్మాన్ని ఎండకి సున్నితం చేస్తుంది.

ప్రశ్న: మా తోడికోడలికి కిడ్నీ మార్పిడి తర్వాత లింఫోమా వచ్చి తగ్గింది. వైరస్ వల్ల అన్నారు కాబట్టి మా పిల్లలకి అంటుకుంటుందని మా అత్తగారు తన కంచం, గ్లాసు వేరే పెట్టారు.
– పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: క్యాన్సర్ అంటుకోదు. ఆ వైరస్ మీ పిల్లలకి ఈపాటికే వచ్చి ఉంటుంది, మీ అత్తగారికైతే మీరు పుట్టకముందే వచ్చి ఉంటుంది. ఇమ్యూనిటీ తక్కువ ఉన్నది మీ తోడికోడలికి కాబట్టి జాగ్రత్త అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు పడాలి, పిల్లలకి జలుబు, ఆటలమ్మ ఉన్నప్పుడు తన దగ్గరికి పంపొద్దు. కంచం కలిపేయండి. అత్తగారితో మీరు అనలేకపోతే ఈ పేజీ చింపి ఫ్రిజ్ మీద అంటించండి.